కనపడకపోతే లోపలే

నేను మనుషుల్ని అనుమానించి జీతం తీసుకుంటాను. బీమా కంపెనీలో పని. దుకాణం కాలిపోయిందన్నా, నగలు పోయాయన్నా, కాలు విరిగిందన్నా కంపెనీ డబ్బు ఇచ్చేముందు నేను వెళ్ళి చూడాలి. కాలిందా, కాల్చారా? విరిగిందా, ఊరికే కట్టు కట్టుకున్నారా? ఆఫీసులో ఎదురుగా నన్ను మేడమ్ అంటారు, వెనకాల భూతద్దం అంటారు. నాకు రెండోదే నచ్చింది గానీ ఆ సంగతి వాళ్ళకు చెప్పలేదు.

ఇలాంటిదాన్ని కాబట్టి, ఆ సాయంత్రం టెన్నిస్ కోర్టు పక్కన బెంచీ మీద కూర్చుని సొంత తమ్ముణ్ణి, సొంత మేనకోడల్ని దొంగల్ని చూసినట్టు చూశానంటే ఎవరూ ఆశ్చర్యపోనక్కర్లేదు.

తమ్ముడు ఒకప్పుడు టెన్నిస్ ఆటగాడు. సరదాకి ఆడినవాడు కాదు, అదే బతుకుగా ఏళ్ళ తరబడి దేశాలు తిరిగినవాడు. అలాగని టీవీలో కనపడే స్థాయీ కాదు. టీవీలో కనపడేవాళ్ళతో ఆడే అవకాశం కోసం ముందుగా అర్హత పోటీలు జరుగుతాయి చూడండి, అక్కడ చెమటోడ్చే స్థాయి. చవక హోటళ్ళలో పడుకోవడం, స్నానాల గదిలో బట్టలు ఉతుక్కోవడం, రాకెట్లకు తీగలు తనే బిగించుకోవడం. ఎలాంటి బంతినైనా తిప్పి కొట్టేవాడని తోటి ఆటగాళ్ళు "గోడ" అని పేరు పెట్టారు. ఇప్పుడు క్లబ్బులో పిల్లలకు ఆట నేర్పుతాడు. పిల్లలు కూడా గోడ సార్ అనే అంటారు, అదేదో అసలు పేరైనట్టు.

ఆ గోడ కూలిన రోజు ఒకటుంది. ఒక పెద్ద టోర్నమెంటు అర్హత పోటీల్లో ఆఖరి మ్యాచ్. గెలిస్తే అసలు పోటీలో పడతాడు, జన్మలో మొదటిసారి. మ్యాచ్ సాయంత్రం మొదలైంది. దీపాలు వేసేసరికి గెలుపు నోటిదాకా వచ్చేసింది. అక్కణ్ణుంచి తమ్ముడికి ఏమైందో ఏమో, సర్వీసులు వరసపెట్టి తప్పాడు. కొన్ని నెట్‌కు తగిలాయి, కొన్ని నెట్ దాకా కూడా పోలేదు. ఒకసారైతే రాకెట్ బంతికి తగలనే లేదు. నేర్చుకుంటున్న పిల్లలు కూడా అలా ఆడరు. ఓడిపోయాడు. తెల్లారేసరికి "గోడ మ్యాచ్ అమ్ముకున్నాడు" అన్న మాట పాకిపోయింది. విచారణ పెట్టారు. తమ్ముడు "ఆ రోజు ఆట సాగలేదు" అని ఒక్క ముక్క చెప్పి ఊరుకున్నాడట. ఏమీ తేలక, ఋజువు లేదని వదిలేశారు. ఆ తర్వాత ఇంకో ఏడాది ఆడాడు గానీ గెలిచిందేమీ లేదు. రాకెట్ పక్కన పెట్టి ఇంటికొచ్చేశాడు.

ఇంట్లో ఆ మాట ఎవరమూ ఎత్తలేదు. అమ్మానాన్న పోయేదాకా కూడా ఎత్తలేదు. ఋజువు దొరక్కపోవడం వేరు, తప్పు చెయ్యకపోవడం వేరు. ఆ తేడా నాకు తెలిసినట్టు మా ఇంట్లో ఇంకెవరికీ తెలియదు. అందుకని నోరు మూసుకుని కళ్ళు తెరిచి ఉంచాను. నా తమ్ముడు ఎప్పుడూ నల్ల కళ్ళద్దాలు పెట్టుకునే ఉంటాడు, పొద్దుపోయాక కూడా. దాచుకోవాల్సింది లేనివాడికి అవెందుకు? పైగా మాట్లాడుతూ మాట్లాడుతూ అద్దాలు పైకి నెట్టి కళ్ళు నలుపుకుంటాడు. నా ఉద్యోగంలో అబద్ధం చెప్పేవాళ్ళు చాలామంది చేసే పని అదే.

ఇక అసలు సంగతికొస్తాను. పెద్ద పెద్ద మ్యాచుల్లో బంతి గీతకు లోపల పడిందా బయట పడిందా చెప్పడానికి మనుషులుంటారు, ఇప్పుడు యంత్రాలూ ఉన్నాయి. పిల్లల పోటీల్లో ఎవరూ ఉండరు. ఎవరి వైపు పడ్డ బంతికి వాళ్ళే న్యాయమూర్తులు. బయట పడితే వేలెత్తి "అవుట్" అనాలి. మరి సరిగ్గా చూడకపోతే? అనుమానంగా ఉంటే? అప్పుడు బంతి లోపల పడినట్టే లెక్క, పాయింటు ఎదుటివాళ్ళకు ఇచ్చెయ్యాలి. ఆ రూలు అందరికీ తెలుసు, పాటించేవాళ్ళే కరువు. కంచె బయట తల్లిదండ్రులు జుట్టూ జుట్టూ పట్టుకునేది దీని గురించే.

నా తమ్ముడు కూతురికి రాకెట్ పట్టుకోవడం కంటే ముందు ఆ రూలే నేర్పాడు. "కనపడకపోతే లోపలే" అని. సన్నగా, చురుగ్గా ఎగురుతూ ఉంటుందని ఆ పిల్లను మేమందరం పిచుక అంటాం. పిచుక ఆ మాటను ఎక్కాలు అప్పజెప్పినట్టు అప్పజెప్పేది. నాకు మాత్రం అది బుద్ధిలేని రూలులా అనిపించేది. అనుమానం వచ్చిన ప్రతిదీ ఎదుటివాడికి ఇచ్చుకుంటూ పోతే మా కంపెనీ ఎప్పుడో మూతపడేది.

ఆ సాయంత్రం మ్యాచ్‌లో గెలిచిన పిల్లను శిక్షణ శిబిరానికి తీసుకుంటారు. అక్కడికి వెళ్తే ఆటలో దారి దొరికినట్టే. పిచుక రెండేళ్ళుగా దానికోసమే తెల్లవారుజామున లేస్తోంది. ఎదుటి పిల్ల ఎవరంటే క్లబ్బు సెక్రటరీ గారి కూతురు. ఆ నెలలోనే క్లబ్బులో హెడ్ కోచ్‌ని వెయ్యబోతున్నారు. వేసేది సెక్రటరీ గారు. ఆ పదవి కోసం తమ్ముడు ఎంతో ఆశగా ఉన్నాడని వాడి భార్యే నాకు చెప్పింది. ఈ మూడూ ఒకచోట చేరాక నేను ఊరుకోగలనా?

వెలుగున్నంతసేపు పిచుకదే ఆట. ఎదుటి పిల్లను ఈ మూల నుంచి ఆ మూలకు పరిగెత్తించింది. తర్వాత దీపాలు వేశారు. కాసేపటికి సెక్రటరీ కూతురు కొట్టిన బంతి ఒకటి గీతకు జానెడు బయట పడింది. నేను బెంచీ మీంచి చూశాను, నా పక్కనున్న మరదలూ చూసింది. పిచుక మాత్రం వేలెత్తలేదు. పాయింటు ఎదుటి పిల్లకు ఇచ్చేసి నడిచింది. ఎదుటి పిల్లే తెల్లబోయింది. తర్వాత ఇంకోటి, ఆపైన ఇంకోటి.

"మన పిచుక మరీ మంచిది వదినా" అంది మరదలు, దిగులుగా.

"మంచితనానికీ ఒక హద్దుంటుందిగా" అన్నాను.

నేను ఆట చూడటం మానేసి తమ్ముణ్ణి చూశాను. కంచెకు అవతల చేతులు కట్టుకుని నిలబడ్డాడు, నల్ల కళ్ళద్దాలతో. నవ్వుతున్నాడు. కూతురు చేతికందిన మ్యాచ్‌ని జారవిడుస్తుంటే మొహం వెలిగిపోతోంది. మ్యాచ్ పోయింది. సెక్రటరీ గారు వచ్చి తమ్ముడి భుజం మీద చెయ్యేసి చెవిలో ఏదో చెప్పారు. తమ్ముడు తలూపాడు. అంతే, నాకు ఇంక చూడాల్సిందేమీ మిగల్లేదనిపించింది.

కోర్టు వెనక సామాన్ల గది ఉంది. బంతుల బుట్టలు, చుట్టిన నెట్లు, రాకెట్లకు తీగలు బిగించే మిషను. తమ్ముడు అక్కడ పిచుక రాకెట్‌లోని పాత తీగలు కత్తిరిస్తున్నాడు. తలుపు దగ్గరగా వేశాను.

"ఎప్పట్నుంచి నడుస్తోందిరా ఇది?"

"ఏది?"

"నాతో నాటకాలాడకు. జానెడు బయట పడ్డ బంతుల్ని అది ఇచ్చేస్తుంటే నువ్వు నవ్వుతూ చూస్తున్నావు. ఆ పిల్ల శిబిరానికి పోతుంది, నువ్వు హెడ్ కోచ్‌వి అవుతావు. నీ సంగతి నీదనుకున్నా ఇన్నాళ్ళూ. కన్నకూతురి చేత చేయించడానికి చేతులెలా వచ్చాయి?"

తమ్ముడు కత్తెర కింద పెట్టాడు. కోపం తెచ్చుకుంటాడనుకున్నాను. తెచ్చుకోలేదు.

"మొత్తానికి ఇన్నేళ్ళకు అడిగావు" అన్నాడు.

"నేను ఇవాళ్టి సంగతి అడుగుతున్నా."

"కాదులే అక్కా. నువ్వు అడుగుతున్నది ఆ రోజు సంగతి. ఎప్పుడడుగుతావా అని నేనూ చూస్తూనే ఉన్నా." మళ్ళీ కత్తెర అందుకున్నాడు. "నా కూతురు ఎవరికీ ఏమీ అమ్మలేదు. అనుమానం ఉన్న బంతులు ఇచ్చేసింది. ఓడిపోతానని తెలిసి కూడా ఇచ్చే పిల్ల ఈ క్లబ్బులో ఇంకొకతి లేదు. నేను నవ్వింది అందుకు."

"అనుమానమేంట్రా, జానెడు."

అప్పుడే పిచుక తలుపు తోసుకుని లోపలికొచ్చింది. సంచి భుజాన ఉంది. మొహం కడుక్కుంది గానీ ఏడ్చినట్టు తెలుస్తూనే ఉంది. నేను దాన్ని కుర్చీలో కూర్చోబెట్టాను. నేను ఎంత మెత్తగా మాట్లాడితే ఎదుటివాళ్ళకు అంత ప్రమాదమని ఆఫీసులో అంటారు. అంత మెత్తగానూ అడిగాను.

"పిచుకా, ఆఖరి బంతి ఎక్కడ పడిందమ్మా?"

"గీత దగ్గర."

"లోపలా, బయటా?"

"ఏమో అత్తా."

"ఏమో ఏంటి? నీ కాళ్ళ ముందే పడిందిగా."

"సరిగ్గా కనపడలేదు. కనపడకపోతే లోపలేగా" అని తండ్రి వైపు చూసింది.

సాక్షి మాట చెప్పి పక్కవాళ్ళ మొహం చూస్తే ఆ మాట ఎవరో నేర్పినట్టు. నాకు ఒళ్ళు మండింది, గొంతు మాత్రం పెంచలేదు.

"సరే. అంతకు ముందుది?"

"అదీ కనపడలేదు."

"ఆ మూల పడ్డది?"

"అదీ అంతే."

"మరి కనపడినవి ఏంటమ్మా?"

పిల్ల రెండు చేతులతో కళ్ళు నలుపుకుంది. చూశారా, అనుకున్నాను. తండ్రి పోలికే.

"పగలైతే కొంచెం నయం అత్తా. దీపాలేశాక గీత రెండవుతుందిగా. బంతి ఏ గీతకి బయట పడిందో ఎలా తెలుస్తుంది? అందుకే ఇచ్చేస్తా." అంత సులువైన సంగతి నాకు తెలియనందుకు అది నన్ను వింతగా చూసింది. "అందరికీ అంతేగా?"

నేను తర్వాతి ప్రశ్నకు సిద్ధమవుతున్నాను. కొత్త కథ అల్లుతోంది, దీన్ని ఎక్కడ పట్టుకోవాలా అని చూస్తున్నాను. తమ్ముడి చేతిలోంచి రాకెట్ కింద పడింది. వాడు దాన్ని తీసుకోలేదు. నల్ల కళ్ళద్దాలు తీసి జేబులో పెట్టుకుని, పిల్లను చెయ్యి పట్టి గుమ్మం దగ్గరికి తీసుకెళ్ళాడు. ఎదురుగా గేటు మీద ఒకే ఒక్క దీపం వెలుగుతోంది. వాడు అరచేత్తో పిల్ల ఎడమ కన్ను మూశాడు.

"గేటు మీద దీపాలు ఎన్నమ్మా?"

"రెండు. ఒకటి బాగా ఉంది, ఒకటి కిందికి కారినట్టుంది."

చెయ్యి మార్చి కుడి కన్ను మూశాడు.

"ఇప్పుడు?"

"ఇటు మూడు." పిచుక నవ్వింది, ఏదో ఆటనుకుని. "మీకెన్ని నాన్నా?"

"లెన్సులున్నాయి కాబట్టి ఒకటేనమ్మా. అవి తీస్తే లెక్కలేదు" అన్నాడు. "అమ్మ దగ్గరికి వెళ్ళు. నేనూ అత్తా వస్తాం."

పిల్ల వెళ్ళాక బంతుల బుట్ట బోర్లించి దానిమీద కూలబడ్డాడు. బంతులు గదంతా దొర్లాయి. కళ్ళు నలుపుకోబోయి ఆగి, చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు. ఎన్నో ఏళ్ళ తర్వాత వాడి కళ్ళను అంత దగ్గరగా చూశాను. ఎర్రగా, అలిసిపోయి ఉన్నాయి.

"కంటి ముందుండే పొర పలచబడి శంఖంలా ముందుకు సాగుతుంది" అన్నాడు. "అప్పుడు ఒక కన్ను మూసినా ఒకటి రెండుగా కనపడుతుంది. దీపాల కింద మరీ, ఆ వెలుగు పొడుస్తుందనే ఈ నల్ల కళ్ళద్దాలు. సర్వీసుకు బంతి పైకెగరేస్తే దీపాల్లోంచి రెండు దిగేవి అక్కా. ఏదో ఒకటి కొట్టాలిగా. ఆ రోజు లేనిదాన్నే కొట్టాను, ప్రతిసారీ."

"విచారణలో అయినా ఈ మాట చెప్పొచ్చుగా" అన్నాను.

"కళ్ళు పోతున్నాయంటే ఆ రోజే ఇంటికి పంపేస్తారు. అమ్ముకున్నాడు అనాలంటే ఋజువు కావాలి. చెయ్యని పనికి ఋజువు ఎక్కడ దొరుకుతుంది? వాళ్ళు వెతికినన్నాళ్ళూ నన్ను ఆడనివ్వక తప్పలేదు. లెన్సులతో కుదురుకుంటానేమో అనుకున్నా. కోర్టు దుమ్ముకి అప్పటి లెన్సులు కంట్లో నిలవలేదు."

డబ్బు కోసం దుకాణం తగలబెట్టుకున్నవాళ్ళను నేను చూశాను. ఇంకొన్నాళ్ళు దుకాణం తెరిచి ఉంచడం కోసం "నేనే తగలబెట్టాను" అని లోకాన్ని అనుకోనిచ్చినవాణ్ణి చూడలేదు. ఆ మనిషి నా తమ్ముడు. నాకు ఏడుపొచ్చింది. దాంతోపాటు కోపమూ వచ్చింది.

"మరి దీని కళ్ళు ఎందుకు చూపించలేదురా?"

"పిల్లలకు రావాలని లేదని అప్పట్లో డాక్టరు అన్నాడు. ఆ ఒక్క మాట పట్టుకుని కూర్చున్నా. తలనొప్పి అంటే ఫోనువల్ల అనుకున్నాం. బంతులు ఇచ్చేస్తుంటే..." వాడు ఆగిపోయాడు. కన్నీళ్ళు తుడుచుకోను కూడా లేదు. "గర్వపడ్డాను అక్కా. తండ్రిని దొంగ అన్నారు కదా, కూతురెంత నిజాయితీగా ఆడుతోందో అందరూ చూడాలని కంచె దగ్గర నిలబడి మరీ గర్వపడ్డాను. దానికి కళ్ళు కనపడక ఇచ్చేస్తోందని నాకు, నాకు తట్టలేదు."

దొర్లిపోయిన బంతులు ఒక్కొక్కటే ఏరి బుట్టలో వేశాను.

మర్నాడే డాక్టరు దగ్గరికి పోయాం. యంత్రం ముందు గడ్డం ఆనించి కూర్చోబెట్టి పిచుక కళ్ళకు పటాలు తీశారు. తండ్రికున్నదే. అయితే ఇప్పుడు దాన్ని ముందుకు పోకుండా ఆపే వైద్యం ఉందట. కంట్లో చుక్కలు వేసి ఒక రకం వెలుగు పడేలా చేస్తారు. పోయిన చూపు దానితో తిరిగి రాదు గానీ, ఉన్నది నిలుస్తుంది, మిగతాది లెన్సులు చూసుకుంటాయి. కళ్ళు నలపడం మాత్రం ఈ క్షణం నుంచి మానాలన్నారు. ఇంకా ఆలస్యమై ఉంటే కష్టమయ్యేదని, ఇంత త్వరగా ఎవరు కనిపెట్టారని డాక్టరు అడిగారు.

"మా వదినకండీ, అనుమానం ఎక్కువ" అంది మరదలు.

ఆ మాట నిజమే. ఎందుకంటే ఆ డాక్టర్నీ నమ్మక పిల్లను ఇంకో డాక్టరుకు చూపించాను. ఆయనా అదే చెప్పారు. హెడ్ కోచ్ పదవి ఎక్కణ్ణుంచో వచ్చిన ఒక కుర్రాడికి ఇచ్చారు. సెక్రటరీ గారు ఆ సాయంత్రం తమ్ముడి భుజం మీద వేసింది ఓదార్పు చెయ్యట. ఆయన చెవిలో చెప్పింది కూడా అదే, ఈసారికి కుదరదని.

ఆనాటి మ్యాచ్ సంగతి, అసలు నిజం అందరికీ చెప్పేద్దామన్నాను తమ్ముడితో. వాడు నవ్వాడు.

"ఇన్నేళ్ళ తర్వాత ఒకడొచ్చి, ఆ రోజు నాకు కళ్ళు కనపడలేదండీ అంటే నువ్వైతే నమ్ముతావా?"

నేను ఆలోచించాను. "నమ్మను" అన్నాను.

"మరి."

వైద్యం అయ్యి, చూపు కుదురుకుని, లెన్సులు అలవాటై పిచుక మళ్ళీ పోటీకి దిగేసరికి చాలాకాలం పట్టింది. శిబిరం వాళ్ళు మళ్ళీ పిల్లల్ని తీసుకుంటున్నారు. ఈసారి వేరే క్లబ్బు, వేరే పిల్ల. సాయంత్రం దీపాలు వేశాక కూడా పిచుక బాగా ఆడుతోంది. నేను బెంచీ మీద ఉన్నాను. నా పక్కన ఎదుటి పిల్ల తల్లి. నేనెవరో ఆవిడకు తెలియదు. తమ్ముడు కంచెకు అవతల ఎప్పట్లాగే చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఈసారి నవ్వడం లేదు. ప్రతి బంతికీ ముందు కూతురి కళ్ళ వైపే చూస్తున్నాడు.

ఒక బంతి గీత మీదికి దూసుకొచ్చింది. పిచుక క్షణం కూడా ఆలోచించకుండా వేలెత్తింది. "అవుట్" అంది, గట్టిగా. ఆ గొంతులో ఆ మాట నేనెప్పుడూ వినలేదు. ఎదుటి పిల్ల నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడిపోయింది.

"చూశారా అండీ" అంది నా పక్కావిడ. "గీత మీద పడ్డదాన్ని పట్టుకుని అవుటంటోంది. ఆ నల్ల కళ్ళద్దాలాయన కూతురు. ఆయన సంగతి మీకు తెలీదేమో. వెనకటికి మ్యాచే అమ్ముకున్నాడట. ఇంక పిల్లకు ఏం బుద్ధులొస్తాయి?"

నాకు ఒళ్ళంతా కారం రాసినట్టయింది. ఆవిడకు చెప్పడానికి నా దగ్గర బోలెడుంది. చెప్తే నమ్మదని కూడా తెలుసు. ఆవిడ స్థానంలో ఉంటే నేనూ నమ్మను.

"మీరు ఇక్కడే ఉన్నారుగా. ఆ బంతి ఎక్కడ పడిందో మీరే చెప్పండి" అంది.

నిజం చెప్పాలంటే బంతి పడ్డప్పుడు నేను తమ్ముణ్ణి చూస్తున్నాను. కళ్ళారా చూడనిదాన్ని చూశానని నేను ఉద్యోగంలో ఒక్కసారి కూడా చెప్పలేదు.

"నేను చూడలేదండీ" అన్నాను. "ఆ పిల్ల చూసింది."

ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, బ్యాగు తీసుకుని అవతలి బెంచీకి వెళ్ళిపోయింది. ఆ చూపు నాకు కొత్త కాదు. ఇన్నేళ్ళూ నా తమ్ముణ్ణి నేను చూసింది ఆ చూపుతోనే.